బెంగకి మేత వేసేది మనమే

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు అడిగారని రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే డాక్టరమ్మ ప్రశ్నలు అడుగుతుందని భయమేమో. అడగను. రండి.

నన్ను పిలిచినప్పుడు "టెన్షన్ లేకుండా బతకడం ఎలా" అనే విషయం మీద మాట్లాడమన్నారు. దాని మీద నేను మాట్లాడలేనండీ అన్నాను. అలా బతికేవాళ్ళని నేను చూడలేదు. మన జిల్లాలో అయితే అసలు చూడలేదు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చింది, 2014లో హుద్‌హుద్ వచ్చింది, 2018లో తిత్లీ వచ్చింది. మూడూ అక్టోబరులోనే. తిత్లీ అయితే పలాస దగ్గరే తీరం దాటింది. ఒక్క రాత్రి గాలికి ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయాయి. తాత వేసిన చెట్టు మనవడి కళ్ళ ముందు పడింది. అలాంటి ఊళ్ళో అక్టోబరులో మబ్బు పట్టగానే గుండె ఝల్లుమంటే దాన్ని జబ్బు అంటామా? అనం. చూసినవాళ్ళకి భయం ఉంటుంది. ఉండాలి కూడా.

ఆ భయం ఏం చేయిస్తుంది? టార్పాలిన్ తీసి దుమ్ము దులిపిస్తుంది. బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించేలా చేస్తుంది. బీపీ మాత్రలు వారానికి సరిపడా తెప్పిస్తుంది. పాసుపుస్తకం, ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టిస్తుంది. ఫోన్లు ఛార్జింగు పెట్టిస్తుంది. ఇదంతా మంచిదే. దీనికి నా దగ్గరికి రానక్కర్లేదు.

మరి ఇవన్నీ అయిపోయాక? అప్పుడు టీవీ ముందు కూర్చుంటాం. ఎర్ర గుండ్రం తిరుగుతూ ఉంటుంది. ఛానెల్ మారుస్తాం, అక్కడా అదే గుండ్రం. ఫోన్ తీస్తాం, వాట్సాప్ గ్రూపులో ఎవరో ఏడేళ్ళ కిందటి వీడియో పెట్టి ఇప్పటిదే అంటారు. అది ఇంకో నాలుగు గ్రూపులకి పంపిస్తాం. రాత్రి ఒంటిగంట అవుతుంది. ఈ రెండో భాగంలో ఏం పని జరిగింది చెప్పండి? బియ్యం బస్తా ఇంకో అంగుళం పైకి వెళ్ళిందా? వెళ్ళలేదు. భయం మాత్రం పెరిగింది. ఇవాళ ఆ రెండో భాగం గురించే మాట్లాడతాను.

ముందు శరీరం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇక్కడ డాక్టర్లు కూడా ఉన్నారు, వాళ్ళకి విసుగొస్తుంది. ప్రమాదం అనిపించగానే శరీరం పారిపోవడానికో, ఎదురు తిరగడానికో సిద్ధమవుతుంది. అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త వందేళ్ళ కిందటే, 1915లో, దీని గురించి పుస్తకం రాశారు. అడ్రినలిన్ వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కండరాలు బిగుసుకుంటాయి. అరుగుదల పక్కకి పోతుంది, ఎందుకంటే పులి వస్తున్నప్పుడు అన్నం అరిగితే ఎంత, అరగకపోతే ఎంత? చిక్కేమిటంటే, ఎదురుగా ఉన్న పులికీ, బుర్రలో ఉన్న పులికీ శరీరం తేడా చూడదు.

అందుకే మన దగ్గర బెంగ, బెంగ రూపంలో రాదు. గ్యాస్ రూపంలో వస్తుంది. నవ్వుతున్నారు, కానీ నిజం. "ఏటో డాక్టరమ్మా, గుండెల్లో గుబగుబలాడిపోతంది, గ్యాసేమో" అంటారు. మగవాళ్ళయితే మరీను. భయం అని ఒక్కరూ అనరు. ఒళ్ళు లాగేస్తోంది, నీరసం, తల పట్టేస్తోంది, కడుపు ఉబ్బరం. మూడు చోట్ల ఈసీజీలు తీయించుకుని, అన్నీ బాగున్నాయని తేలాక నా దగ్గరికి వస్తారు. ఒక మాట జాగ్రత్తగా వినండి. ఛాతీలో నొప్పి వస్తే ముందు ఈసీజీయే. "ఆ డాక్టరమ్మ టెన్షన్ అని చెప్పిందిలే" అని ఇంట్లో కూర్చోవద్దు. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ వస్తుంది, రక్తం తక్కువైనా వస్తుంది. అవి చూపించుకోండి. ఒకసారి సరిగ్గా చూపించుకోండి. ఆ ఒకసారి అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు విషయం.

ఒక తల్లి గురించి చెబుతాను. ఎవరో పోల్చుకోకుండా కొన్ని మార్చాను, వెతకొద్దు. కొడుకు చెన్నైలో బిల్డింగు పనికి వెళ్ళాడు. మన దగ్గర ఇది కొత్త కాదు. చెన్నై, హైదరాబాదు, గుజరాత్ వేరావల్ దాకా చేపల వేటకి వెళ్ళేవాళ్ళున్నారు. 2018లో అలా వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. కాబట్టి దూరం వెళ్ళిన కొడుకు గురించి తల్లి భయపడితే అది వెర్రి కాదు.

ఈ తల్లి పొద్దున్న ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. సాయంత్రం చేస్తే కొడుకు ఎత్తలేదు. పనిలో ఉన్నాడు, పైన ఎక్కడో సెంట్రింగు దగ్గర. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. అంతే, పదో అంతస్తు నుంచి పడిపోయాడు. ఎక్కడ? ఆవిడ బుర్రలో. పక్కవాడికి చేసింది, మేస్త్రీకి చేసింది. ఇంట్లో అందరినీ లేపింది. అరగంటకి కొడుకు చేశాడు. "ఏటమ్మా, ఫోన్ కింద ఉంది." ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రాణం లేచి రావడం దగ్గర ఆగండి. అక్కడే ఉంది సంగతంతా. అప్పుడు ఆవిడ మెదడు ఏం నేర్చుకుంది? "నా కొడుకు మామూలుగా క్షేమంగానే ఉంటాడు" అని నేర్చుకుందా? లేదు. "ఫోన్ చేశాను కాబట్టి తేలిక పడ్డాను" అని నేర్చుకుంది. మర్నాడు బెంగ ఇంకో గంట ముందే వచ్చింది, ఎందుకంటే తేలిక పడే మందు ఎక్కడుందో తెలుసు కదా. గేటు దగ్గరికి వచ్చిన ఆవుకి ఒక రోజు అరటి తొక్క పెట్టి చూడండి. మర్నాడు అదే వేళకి వస్తుంది. పెట్టకపోతే కొమ్ముతో గేటు కొడుతుంది. గోల భరించలేక పెడతాం. గోల చేస్తే పెడతారని దానికి మనమే నేర్పాం.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఇదొక్కటే. బెంగ తగ్గడానికని మనం చేసే పనులే చాలాసార్లు దాన్ని బతికిస్తాయి. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయడం, గ్యాస్ కట్టానో లేదో నాలుగుసార్లు లేచి చూడటం, "నాకేం కాదు కదా?" అని ఇంట్లో అందరినీ అడగడం, రోగం లక్షణాలు గూగుల్‌లో వెతకడం. ఇవన్నీ ఆ క్షణానికి హాయినిస్తాయి. ఆ హాయే మేత.

ఇంకో నష్టం కూడా జరిగింది ఆ ఇంట్లో. కొడుక్కి జ్వరం వచ్చింది. తల్లికి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో వాడికి తెలుసు. తర్వాత ఎవరి ద్వారానో ఆవిడకి తెలిసింది. ఇప్పుడు వాడు "బాగున్నానమ్మా" అన్నా ఆవిడ నమ్మదు. చూశారా? అన్నీ తెలుసుకోవాలని అన్నిసార్లు ఫోన్ చేసి, అసలు తెలియాల్సినది తెలియకుండా చేసుకుంది.

ఆవిడకి నేను ఫోన్ చేయొద్దని చెప్పలేదు. అలా చెబితే మళ్ళీ నా గుమ్మం తొక్కదు. తల్లీ కొడుకూ ఒక మాట అనుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఒక ఫోను, వాడే చేస్తాడు. కుదరకపోతే ఒక మెసేజ్. ఏదైనా అయితే, జ్వరమైనా సరే, దాచకుండా చెబుతాడు. మధ్యలో ఆవిడకి చేయాలనిపిస్తే పదిహేను నిమిషాలు ఆగుతుంది. ఆ పదిహేను నిమిషాలూ ఏమవుతుంది? భయం పెరుగుతుంది. పెరుగుతుందని ముందే చెప్పాను. పెరిగి, కాసేపు అక్కడే ఉండి, దానంతట అదే దిగుతుంది. ఫోన్ చేయకుండానే దిగడం ఒకసారి చూస్తే, పదిహేను నిమిషాలు అరగంట అవుతుంది. మొదటి వారం ఆవిడ నన్ను తిట్టుకుంది. ఎదురుగానే తిట్టింది లెండి.

ఇక ఉద్దానం సంగతి. ఈ సభలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు ఉండే ఉంటారు. అక్కడ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఎంతోమంది వచ్చారు, నీళ్ళు చూశారు, మట్టి చూశారు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, నీళ్ళ పథకం వచ్చింది. కానీ "ఎందుకొస్తోంది" అన్న ప్రశ్న అలాగే ఉంది. ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉంటే, మిగతావాళ్ళ మనసు ఎలా ఉంటుంది? "బెంగెట్టుకోకు" అని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయినా ఒకాయన కథ చెప్పాలి. అన్నగారికి డయాలసిస్. ఈయన పదిహేను రోజులకోసారి క్రియాటినిన్ చూపించుకుంటాడు, కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్తపరీక్ష అది. ఒకసారి ఒక ల్యాబ్‌లో, ఒకసారి ఇంకో ల్యాబ్‌లో. 0.9 వచ్చింది, 1.1 వచ్చింది, 1.0 వచ్చింది. ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ ఆ మాత్రం తేడా మామూలే. ఒకే మనిషికి రోజుకీ రోజుకీ కూడా ఉంటుంది. ఆయన కంటికి మాత్రం 0.9 నుంచి 1.1 అంటే కిడ్నీ పోతున్నట్టే. ఆ కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకుని తిరుగుతాడు. సరే, ఇదంతా అడిగాక, ఇంకేం మందులు వాడుతున్నావు బాబూ అన్నాను. "ఏటీ లేదమ్మా, ఒళ్ళు నొప్పులకి షాపులో మాత్రలు తెచ్చుకుంటాను, రోజూ ఒకటి." పెయిన్ కిల్లర్లు! కిడ్నీకి చెడు చేసేవాటిలో డాక్టరు అన్నిటికంటే ముందు ఆపమనేది వాటినే.

ఇది వినగానే నాకు అనిపించింది, ఎక్కువ భయపడేవాళ్ళు ఎక్కువ జాగ్రత్తగా ఉంటారనుకోవడం పొరపాటు అని. బెంగ మనిషిని ఒకచోటే తిప్పుతుంది. ఆ చుట్టు బయట ఉన్న పని కనపడదు. పెయిన్ కిల్లర్ మానడం, బీపీ చూపించుకోవడం, ఎండలో పని చేసేటప్పుడు నీళ్ళు తాగడం, డాక్టరు ఎన్నాళ్ళకి రమ్మంటే అన్నాళ్ళకి, ఒకే ల్యాబ్‌లో పరీక్ష. ఇవి పనులు. పదిహేను రోజుల సంచి పని కాదు. ఇందాక ఒకసారి అన్నాను చూశారా, అది ఇదే. చూపించుకోవడం మంచిదే. ఎంత తరచుగా అన్నది భయం నిర్ణయించకూడదు, డాక్టరు నిర్ణయించాలి.

కెనడాలో మిషెల్ డూగాస్ అని ఒక సైకాలజిస్టు ఉన్నారు. ఆయన ఏళ్ళ తరబడి పరిశోధించి చెప్పినదాని సారం ఇది: ఎక్కువగా బెంగపడేవాళ్ళకి కష్టమైనది చెడ్డ ఫలితం ఒక్కటే కాదు, ఏదీ తేలకపోవడం. తేలకుండా ఉండటం వాళ్ళకి భరించరానిది. డీఎస్సీ రాసిన పిల్లలు ఇక్కడున్నారా? ఉన్నారు, చేతులెత్తుతున్నారు. పరీక్ష రాయడం కష్టమా, రిజల్టు కోసం ఎదురుచూడటం కష్టమా? చెప్పండి. ఆ, అదీ. పోయిందని తెలిస్తే ఒకరోజు ఏడ్చి ఇంకో పుస్తకం తీస్తారు. తేలకపోతే ఏడవనూ లేరు, చదవనూ లేరు.

ఏం చేయాలి మరి? ఆలోచించడం మానేయాలా? ఇప్పుడు ఒక పని చేద్దాం. ఒక్క అర నిమిషం పలాస జీడిపప్పు గురించి ఆలోచించకండి. వేయించినదైతే అసలే వద్దు.

అయ్యిందా? ఎంతమందికి గుర్తురాలేదు? ఒక్క చెయ్యీ లేవలేదు. 1987లో డానియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు ఇదే చేశారు, ఆయన తెల్ల ఎలుగుబంటి అన్నారు. వద్దనుకున్న కొద్దీ అదే వస్తుంది. కాబట్టి ఆలోచన ఆపమని నేను చెప్పను. వాయిదా వేయమంటాను. వాయిదా వేయడం మనకి బాగా వచ్చిన పనే కదా, కరెంటు బిల్లు దగ్గర్నుంచి.

1983లో బోర్కోవెక్ అనే ఆయన, ఆయన తోటివాళ్ళు ఈ పద్ధతి పరీక్షించారు. రోజూ ఒకే వేళ, ఒకే చోట, అరగంట బెంగకి కేటాయించుకోవాలి. మధ్యలో ఎప్పుడు ఆలోచన వచ్చినా "సాయంత్రం చూద్దాం" అని ఒక ముక్క రాసి పెట్టుకోవాలి. సాయంత్రం ఆరుకి వరండాలో కూర్చుని ఆ చీటీ తీయాలి. మంచం మీద వద్దు, పడుకునే ముందు అసలు వద్దు. చీటీలో ఉన్న ఒక్కొక్కదాన్నీ అడగండి: దీనికి నేను చేయగలిగిన పని ఏదైనా ఉందా? ఉంటే ఎప్పుడు చేస్తానో రాయండి. లేకపోతే "ఇది తేలలేదు" అని రాసి కింద పెట్టండి. మాస్టారు తల ఊపుతున్నారు. మాస్టారూ, పిల్లల చేత హోంవర్కు చేయించినట్టు ఇంట్లో వాళ్ళ చేత చేయించకండి, మీరు చేయండి.

రాస్తే ఇంకో లాభం. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి 2020లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. బెంగ జబ్బు స్థాయికి చేరిన 29 మంది చేత, ఫలానాది జరుగుతుందని భయం వేసినప్పుడల్లా రాయించారు. తర్వాత ముప్ఫై రోజులపాటు ఏది జరిగింది, ఏది జరగలేదు అని వాళ్ళ చేతే చూయించారు. నూటికి 91 జరగలేదు. 29 మందే, కాబట్టి ఆ లెక్క మీకూ నాకూ అచ్చంగా వర్తిస్తుందని అనను. కానీ మీ చీటీలు పారేయకుండా ఒక డబ్బాలో వేసి నెల తర్వాత చదువుకోండి. నా మాట కన్నా మీ చేతిరాత ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

రాత్రి నిద్ర పట్టనివాళ్ళకి ఇదే పనికొస్తుంది, కాస్త వేరుగా. మర్నాడు చేయాల్సిన పనులు ఐదు నిమిషాలు కాగితం మీద రాయండి. బేలర్ యూనివర్సిటీలో 57 మందితో చేసి చూశారు. ఆ రోజు చేసేసిన పనులు రాసినవాళ్ళ కన్నా, చేయాల్సినవి రాసినవాళ్ళకి తొందరగా నిద్ర పట్టింది. ఇక ఊపిరి సంగతి. గుండె దడగా ఉన్నప్పుడు మెల్లగా పీల్చి, పీల్చినదాని కన్నా ఎక్కువసేపు వదలండి, కొన్ని నిమిషాలు. శరీరం కాస్త చల్లబడుతుంది. అంతకు మించి దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. రోజుకి ఆరు టీలు తాగి ఊపిరి వ్యాయామం చేస్తే ప్రయోజనం ఉండదు.

మందు గురించి అడగకుండానే చెబుతాను, ఆ మందు. రెండు పెగ్గులు వేస్తే బెంగ తగ్గుతుంది. నిజమే. తెల్లవారేసరికి వడ్డీతో వస్తుంది.

ఎప్పుడు మా దగ్గరికి రావాలి? ఆరు నెలలుగా ఎక్కువ రోజులు, దేని గురించో ఒకదాని గురించి, ఆపుకోలేనంత బెంగ. నిద్ర పాడవడం, ఊరికే చిరాకు, అలసట, ఒళ్ళు బిగుసుకుపోవడం, ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం. పనికి, బడికి, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేయడం. అప్పుడు రండి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే మాత్రం ఆరు నెలలు, ఆరు రోజులు అని లెక్క లేదు, ఆ రోజే. 14416 అని నంబరు, టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో సేవ్ చేసుకోండి. ఇప్పుడే, నేను ఆగుతాను.

మీరు ప్రశ్నలు రాసిచ్చిన చీటీలు వచ్చాయి. మొదటిది: "నిద్ర మాత్ర రోజూ వేసుకుంటున్నాను, షాపులో ఇస్తున్నారు, ఫరవాలేదా?" ఫరవాలేకపోవడం ఏమిటండీ. అల్ప్రాజొలామ్ లాంటి మాత్రలు గంటలోపే పని చేస్తాయి, అందుకే అలవాటవుతాయి. కొన్నాళ్ళకి ఒకటి చాలదు. డాక్టరు చీటీ లేకుండా వాడకూడనివి అవి. అలాగని ఇవాళ ఇది విని రాత్రికి రాత్రి మానేయకండి, అది ఇంకా ప్రమాదం, మూర్ఛలు కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. బెంగకి మేం ఎక్కువగా రాసే మాత్రలు వేరే ఉన్నాయి. అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లోనే "పని చేయట్లేదు" అని చాలామంది మానేస్తారు.

రెండోది: "మా అమ్మాయి భయపడితే ఏమనాలి?" "ఏం కాదు" అని అనకండి. అది కూడా మేతే. మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ చెబుతారు. "భయంగా ఉంది కదా, తెలుస్తోంది. ఇది తేలే దాకా ఇద్దరం ఉందాం. ఈలోగా ఈ బీన్స్ తుంచు." అంతే. ఆ బీన్స్ మాట మరిచిపోకండి.

ఆఖరిది, పేరు రాయలేదు. "మా ఆయనకి ఇవన్నీ ఉన్నాయి. పిచ్చి డాక్టరు దగ్గరికి రానంటారు." అమ్మా, పిచ్చి డాక్టరు దగ్గరికి తేవద్దు. ఆయనకి గ్యాస్ ఉందంటారా? గ్యాస్ కోసం మీరెప్పుడూ వెళ్ళే డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళండి. మీరు కూడా లోపలికి వెళ్ళండి, బయట బెంచీ మీద కూర్చోవద్దు. ఆయన గ్యాస్ అని చెప్పాక మీరు నిద్ర సంగతి చెప్పండి, రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్న సంగతి చెప్పండి. మామూలు డాక్టరు కూడా మొదలుపెట్టగల వైద్యమే ఇది. అవసరమైతే ఆయనే ఇటు పంపిస్తారు. మీరు చెబితే వినని మగాళ్ళు ఆ డాక్టరు చెబితే వింటారు. ఎందుకని నన్ను అడగకండి.